రైతులు పని ఆపారని కొడుకును ఇంటికి పిలవాలా?

గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్లబ్బాయి సివిల్ బీటెక్ చేసి, రెండేళ్లుగా సాగునీటి కాలువ పనిలో సైట్ ఇంజనీరుగా ఉన్నాడు. పోయిన నెల రైతులు పొక్లెయిన్‌కు అడ్డంగా కూర్చున్నారట. "వచ్చేయమన్నాను సార్. డేటా సైన్స్ చేయించాలా, ప్రాజెక్టు మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికెట్ చేయించాలా?" అని అడిగారు.

మీ టెన్షన్ కోర్సు గురించి కాదండీ, పిల్లాడి మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటారేమోనని. రైతు కోపం మీవాడి మీద కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం పూర్తిగా ఇచ్చాకే భూమి స్వాధీనం చేసుకోవాలి. ఆ లెక్క రెవెన్యూ వాళ్లది. మీవాడు నోరుజారి "ఫలానా రోజుకు డబ్బులు పడతాయి" అన్నాడా, ఆ బాకీ తన మెడకు చుట్టుకుంటుంది. జనం ఆవేశంగా ఉంటే మిషన్ ఆపించి, పక్కకు వచ్చి పైవాళ్లకు ఫోన్ చేయాలి. అది పిరికితనం కాదు.

కాలువ తవ్వితే పొలం రెండు ముక్కలవుతుంది, పంట బోదె తెగుతుంది, బండిదారి పోతుంది. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. నా దగ్గరకొచ్చే ఒక కుర్రాడు మిషన్ దించకముందే రైతులతో కలిసి మార్కింగ్ వెంట నడిచేవాడు. ఎవరికి తూము ఎక్కడ కావాలో, కోతలు ఎప్పుడో నోటుబుక్కులో రాసుకుని, అక్కడే చదివి వినిపించేవాడు. డిజైన్ మార్చే అధికారం తనకు లేదు కాబట్టి ఆ పేజీ ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరుకి ఇచ్చేవాడు. కుదరదని జవాబొచ్చినా తనే వెళ్లి రైతుకు చెప్పేవాడు. ఈ పని నేర్చినవాడికి, కాలువకు అడ్డొచ్చే రైల్వే క్రాసింగ్ అనుమతులు, కరెంటు స్తంభాలు మార్పించడం అంత బెంగ పెట్టవు.

పీఎంపీకి డిగ్రీతో పాటు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు కావాలి. ఇప్పుడు కుదరదు. డేటా సైన్స్ మీద నాకు గట్టి అనుమానమే ఉంది. విశాఖ ద్వారకానగర్‌లో నెలల తరబడి కోచింగ్ తీసుకుని, అటు ఉద్యోగం రాక, ఇటు సైట్ అనుభవం తెగిపోయి నా ముందు కూర్చున్న సివిల్ పిల్లలను చూశాను. అసలు మీవాడు కోడింగ్ కావాలన్నాడా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. రెండేళ్లు ఎండలో నిలబడ్డవాణ్ణి ఒక్కమాటైనా అడగకుండా వచ్చేయమనడం తప్పండీ.

ఈ ఆదివారం ఫోన్ చేసి, ఆ రోజు పొక్లెయిన్ దగ్గర ఎవరు ఏమన్నారో అబ్బాయిని చెప్పనివ్వండి. కోర్సు మాట మాత్రం మీరు ఎత్తకండి.