5 వాట్ల ట్యూబ్ యాంప్ చిన్నదనుకోకండి

ఒంగోల్లో ఉంటున్నాను, ఇంట్లో ఎలక్ట్రిక్ గిటారు ప్రాక్టీసుకు 5 వాట్ల ట్యూబ్ కాంబో సరిపోతుందా, లేక 50 వాట్ల మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ తీసుకోవాలా అని మీరు అడిగారు. ట్యూబ్ అంటే పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వు, కాంబో అంటే యాంప్లిఫయర్, స్పీకరు ఒకే పెట్టెలో ఉన్నది. సరిపోవడం కాదండీ, ఎక్కువైపోతుంది. వాట్ల అంకె చూసి యాంప్ కొనేవాళ్లే మన వైపు ఎక్కువ. స్పీకరు 1 వాటుకు మీటరు దూరంలో 94 డెసిబెళ్లు ఇచ్చేదైతే, 5 వాట్లకు 101 ఇస్తుంది. 50 వాట్లు పెట్టినా 111. పది డెసిబెళ్లు పెరిగితే మన చెవికి సుమారు రెండింతలు అనిపిస్తుంది. అంటే వాట్లు పదింతలు కొంటే మోత రెండింతలు వస్తుంది. పైగా ట్యూబ్ యాంప్ శక్తి హద్దుకు చేరగానే శబ్దం ఠక్కున పగిలిపోదు, మెల్లగా గరుకెక్కి చిక్కబడుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకు కావలసిందే ఆ చిక్కదనం.

నేను మొదట 5 వాట్ల ట్యూబ్ యాంప్‌ను వాయించి చూసింది నెల్లూరు వేదాయపాళెంలో. బెంగళూరు ఉద్యోగం మానేసి వచ్చినాయన ఒకరు అమ్ముతున్నారని తెలిసి, కావలిలో గిటారు భుజాన వేసుకుని బస్సెక్కాను. రోహిణి కార్తె, మేడ మీద రేకుల గది. యాంప్ చూస్తే పాత రేడియో అంత ఉంది. వాల్యూమ్ నాబ్, టోన్ నాబ్, అంతే. లోపల గిటారు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే ప్రీయాంప్‌కు ఒక 12ఏఎక్స్7 ట్యూబు, స్పీకరును మోగించే పవర్‌కు ఒకే ఒక్క ఈఎల్84 ట్యూబు. స్విచ్ వేసి వెంటనే తీగ మీటితే ఏమీ పలకలేదు. "ఆగబ్బయ్యా, వేడెక్కనీ" అన్నాడాయన. పక్కన కుర్చీలో పేపరు చదువుకుంటున్న వాళ్ల నాన్న తలెత్తి, "మా మర్ఫీ రేడియో అయినా ఇంతే, వార్తలు వినాలంటే ముందే వేసి పెట్టుకునేవాళ్లం" అన్నాడు.

కాసేపటికి పలికింది. వాల్యూమ్ మూడు మీద తేటగా ఉంది, అందులో పెద్ద విశేషం లేదు. ఐదు దాటాక చూడండి! గట్టిగా మీటితే గరుకు, మెత్తగా మీటితే తేట. ఎనిమిదికి పెట్టేసి, గిటారు మీదున్న వాల్యూమ్ సగానికి తగ్గిస్తే గరుకంతా పోయి మళ్లీ తేటపడింది. పెడల్ లేదు, కాలితో నొక్కే స్విచ్ లేదు, అంతా చేతిలోనే. మనవాళ్లలో చాలామందికి గిటారు మీద ఆ నాబ్ ఉన్నది ప్లగ్గు పీకేముందు తగ్గించడానికే. ఇక నేను ఊపు మీదుండగా కింద వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, "ఏంది నాయనా ఇది, మా పిల్లకి ఎంసెట్ ఉంది" అంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. 5 వాట్ల సంగతి అదీ.

కాబట్టి ఇంటికైతే వాట్లు తగ్గించే స్విచ్ ఉన్నదే చూడండి. బుగేరా వీ5లో 5, 1, 0.1 అని మూడు మెట్లున్నాయి. మార్షల్ డీఎస్ఎల్1 అసలే 1 వాటు, దాన్నీ 0.1కి దించొచ్చు. రకరకాల యాంప్‌ల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే మోడలింగ్ యాంప్‌తో వంద శబ్దాలు వస్తాయంటారు, వస్తాయి, కాదనను. ఆ వందలో ఏది పెట్టాలా అని తిప్పుకుంటూ కూర్చునే పిల్లల్నే నేను చూశాను, వాయించేవాళ్లను తక్కువ చూశాను.

వీడియోలు చూసి మాత్రం కొనకండి. ఫోన్ స్పీకర్లో వినే ట్యూబ్ యాంప్ ట్యూబ్ యాంప్ కాదు. పొద్దున ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటారు. మీ గిటారు మీరే తీసుకెళ్లండి. షాపులో కుర్రాడు ముందు తనే వాయించి చూపిస్తానంటాడు, తీగల మీద వేళ్లు పరుగులు తీయించి భయపెడతాడు. దణ్ణం పెట్టి గిటారు మీరు తీసుకోండి.

చర్చిలో వాయించే ఆలోచన ఉంటే 5 వాట్లే మేలు. స్టూలు మీద పెట్టి ఎదురుగా ఒక మైకు పెడితే చాలు. మైకు సెట్టు వాళ్లతోనే బాధంతా. గిటారును నేరుగా మిక్సర్లో గుచ్చి, పైన ఎకో పోస్తారు. పాస్టరుగారి ప్రసంగానికీ అదే ఎకో, కోరస్‌కీ అదే ఎకో. యాంప్ ముందు మైకు పెట్టమంటే, "దానికి లైన్ అవుట్ లేదా అన్నా?" అంటూ మిక్సర్‌కు నేరుగా వైరు కలిపే రంధ్రం కోసం వెతుకుతారు.

ఇక కరెంటు. సాయంత్రం 230 ఉండాల్సింది 180కి పడిందంటే, ట్యూబును వేడెక్కించే ఫిలమెంటు తీగకు 6.3 వోల్టులు అందాల్సిన చోట 5 కూడా అందవు. అప్పుడు యాంప్ నీరసంగా పలుకుతుంది, దాన్ని తిట్టుకోకండి, స్టెబిలైజర్ పెట్టండి. స్విచ్ ఆపేశాక కూడా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు, అందుకే వెనక చెక్క విప్పి వేలు పెట్టొద్దు. ఫోన్లు రిపేరు చేసే కుర్రాళ్లకు కాకుండా, వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దవాళ్లు ఎవరైనా దొరికితే వాళ్లకే చూపించండి.

ప్లగ్గుకున్న మూడో పిన్ను ఊడగొట్టి రెండు పిన్నుల బోర్డులో గుచ్చమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. గిటారు పట్టుకుని పాడేటప్పుడు పెదవికి మైకు తగిలి చురుక్కుమనేది ఎర్త్ సరిగ్గా లేకే. మా చర్చిలో బోర్డుకు మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరు లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అడిగితే, "ఫ్యాన్లు తిరుగుతున్నాయి గదా సార్" అన్నాడు.