గుర్రుమనడం మాన్పించాను, ఆ తర్వాతే కరిచాడు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రెండేళ్ల కుక్క, తింటున్నప్పుడు ఎవరు పక్కనుంచి వెళ్లినా గుర్రుమంటోంది. సోఫా ఎక్కాక దిగమంటే పళ్లు చూపిస్తోంది. ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది. రెండు దెబ్బలు వేసి భయం పెట్టాలా, ఎవరికైనా ఇచ్చేయాలా అని అడిగారు. కొట్టడం అసలు వద్దు. ఇచ్చేయడం గురించి ఇప్పుడే ఆలోచించకండి, దాని సంగతి చివర్లో చెప్తాను. కొట్టడం నేను చేసి చూశాను. దాని గుర్తు నా కుడిచేతి బొటనవేలి కింద ఇంకా ఉంది.

మావాడి పేరు బ్రౌనీ. చిన్న పిల్లగా ఇంటికి తెచ్చుకున్నప్పుడు తెలిసినవాళ్లు ఒకరు సలహా ఇచ్చారు: "ఇప్పటినుంచే తినే గిన్నెలో చెయ్యి పెట్టి కలుపుతూ ఉండు, మధ్యలో లాగేసి మళ్లీ పెట్టు. యజమానివి నువ్వేనని దానికి తెలుస్తుంది." నేను బుద్ధిగా రోజూ అదే చేశాను. మనం భోజనానికి కూర్చుంటే ఎవరో వచ్చి రోజూ కంచం లాక్కుని, నవ్వి, మళ్లీ ముందు పెడితే ఎన్నాళ్లు ఊరుకుంటాం? బ్రౌనీ ముందు గబగబా మింగడం మొదలుపెట్టాడు. తర్వాత నేను వస్తుంటే గిన్నె మీదకి వంగి ఒళ్లంతా బిగబట్టేవాడు. ఎనిమిదో నెలలో మొదటిసారి గుర్రుమన్నాడు. చుట్టిన పేపరుతో మూతి మీద ఒక్కటిచ్చి "నో" అని అరిచాను. అలా ఓ నెలరోజులు. ఆ తర్వాత గుర్రుమనడం పూర్తిగా మానేశాడు. దారికొచ్చాడని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఒకరోజు మంచం కింద నా సాక్సు పట్టుకుని పడుకున్నాడు. నేను మోకాళ్ల మీద వంగి చెయ్యి చాపాను. నమలడం ఆపేశాడు. తల ఇంకాస్త కిందకి దించాడు. మొహం తిప్పకుండా ఓరకంట నన్నే చూస్తున్నాడు, కంటి చివర తెల్లగుడ్డు కనపడుతోంది. ఇవన్నీ నేను చూశాను, చూసి కూడా చప్పుడు చేయట్లేదు కదా అని చెయ్యి ఇంకా ముందుకి పెట్టాను. కరిచాడు. రెండు పళ్లు దిగాయి. ఆ చప్పుడు చేయొద్దని నేర్పింది నేనేనని కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక తట్టింది. గుర్రుమనడం అంటే "ఇంకా దగ్గరకి రావద్దు" అని చెప్పడం. చెప్తే దెబ్బలు పడుతున్నాయి కాబట్టి చెప్పడం మానేశాడు. భయం మాత్రం అలాగే ఉంది, నావల్ల ఇంకా పెరిగింది.

మధ్యలో ఒక మాట. పన్ను దిగితే మన కుక్కేగా అని ఊరుకోకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరుకి చూపించండి. కుక్కకి టీకాలు వేయించినా సరే, మనకి ఇంజెక్షన్లు కావాలో వద్దో తేల్చేది డాక్టరే.

కరిచిన వారం బ్రౌనీని వెటర్నరీ డాక్టరు దగ్గరకి తీసుకెళ్తే ఎడమ చెవి లోపల ఇన్‌ఫెక్షన్ బయటపడింది. గిన్నె గొడవకి కారణం అది కాదు, ఆ పాపం నాదే. కానీ సోఫా మీద తల దగ్గరకి చెయ్యి వెళ్తే ఎందుకు అంత మండిపడేవాడో తెలిసింది. అందుకే మీరూ ముందు వెళ్లాల్సింది అక్కడికే, ముఖ్యంగా ఈ గుర్రు ఈమధ్యే మొదలైతే. పన్ను నొప్పి, కీళ్ల నొప్పి, చెవి పోటు ఉన్న కుక్కని ట్రైనింగుతో మార్చలేం. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ఆకలి విపరీతంగా పెరుగుతుంది, తిండి దగ్గర కాపలా కూడా పెరగొచ్చు. వాడే మందులన్నీ డాక్టరుకి చెప్పండి.

"మనమే బాస్ అని చూపించాలి" అనేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. ఆ ఆలోచనకి మూలం ఒకదానికొకటి పరిచయం లేని తోడేళ్లని ఒకే ఆవరణలో పెట్టి చూసిన పరిశీలనలు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు వాటి మధ్య పెత్తనం కొట్లాటల గురించి రాశాడు. తర్వాత డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్త అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, గుంపు అంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలే, అక్కడ పెత్తనం కోసం కొట్లాటలు దాదాపు ఉండవని 1999లో రాశాడు. "ఆల్ఫా", అంటే గుంపుకి బాస్, అన్న మాటకి మొదట్లో ప్రచారం ఇచ్చినవాళ్లలో ఆయనా ఒకడు! ఇంకొకటి, 2009లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పశువైద్యులు కుక్కల యజమానుల్ని అడిగి చేసిన ఒక అధ్యయనం ప్రచురించారు. కుక్కని కొట్టిన లేదా తన్నినవాళ్లలో 43 శాతం మందికి, నోట్లో ఉన్నది బలవంతంగా లాక్కున్నవాళ్లలో 39 శాతం మందికి అది ఎదురుతిరిగింది. నా బొటనవేలు ఆ రెండో లెక్కలోకి వస్తుంది.

ఇక మీరు చేయాల్సింది. రేపటినుంచి గిన్నె వేరే గదిలో పెట్టి తలుపు వేసేయండి. తిని బయటికి వచ్చాక, అది లోపల లేనప్పుడు గిన్నె తీయండి. ఎముకలు, ఎక్కువసేపు నమిలేవి ఇంట్లో ఎక్కడపడితే అక్కడ పడేయకండి. సోఫా ఉన్న గదికి అడ్డుగేటు పెట్టండి. ఇలా చేస్తే కుక్కకి లొంగిపోయినట్టు అని మీ ఇంట్లో పెద్దవాళ్లు అనొచ్చు, అననివ్వండి. గుర్రుమనాల్సిన అవసరం పడని ప్రతిరోజూ మీకు లాభమే.

పాప సంగతి దీనికంటే ముఖ్యం. మీ కళ్ల ముందు లేకుండా ఆ ఇద్దరినీ ఒక గదిలో ఉంచొద్దు, రెండు నిమిషాలకి కూడా. తినేటప్పుడు, పడుకున్నప్పుడు, నోట్లో ఏదైనా ఉన్నప్పుడు దాని దగ్గరకి వెళ్లకూడదని పాపకి చెప్పండి. కానీ ఐదేళ్ల పిల్ల ఆ మాట గుర్తుపెట్టుకుంటుందని నమ్మి కూర్చోవద్దు, నమ్మాల్సింది తలుపుని. నేను కింద చెప్పే ట్రైనింగు పెద్దవాళ్లే చేయాలి.

నాకు దారి చూపించింది దూరం. గిన్నె పెట్టి ఒకరోజు ఊరికే గమనించాను. పది అడుగుల దూరంలో నేను నిలబడితే బ్రౌనీ నిక్షేపంగా తింటున్నాడు, తోక వదులుగా ఉంది. ఆరు అడుగులకి వచ్చేసరికి నమలడం నెమ్మదించింది, మెడ బిగుసుకుంది. కాబట్టి పది అడుగుల దగ్గర మొదలుపెట్టాను. అటుగా నడుస్తూ ఒక చిన్న ఉడికించిన చికెన్ ముక్క గిన్నె దగ్గరకి విసరడం, ఆగకుండా వెళ్లిపోవడం. ఒక పూటకి ఐదారుసార్లు, అంతే. ముక్క విసరడం అందరూ చేస్తారు, వెంటనే వెళ్లిపోవడం మర్చిపోతారు. "బంగారం, తిను" అంటూ అక్కడే నిలబడిపోతారు. వాడికి తెలియాల్సింది ఒకటే, ఈ మనిషి వస్తే గిన్నెలో పడుతుందే గానీ పోదు. విసిరేది గిన్నెలో ఉన్నదానికంటే రుచిగా ఉండాలి. ఉన్న తిండే ఇంకో గుప్పెడు వేస్తే పెద్దగా పట్టించుకోడు.

ఎప్పుడు దగ్గరకి జరగాలో వాడే చెప్పాడు. రెండు వారాలకి నా అడుగుల చప్పుడు వినగానే తినడం ఆపి, తల ఎత్తి, "ఏదీ?" అన్నట్టు నా చేతివైపు చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు ఒక్క అడుగు తగ్గించాను. మళ్లీ కొన్ని రోజులు అక్కడే. ఒకసారి తొందరపడి ఒకేపూట మూడడుగులు ముందుకి వెళ్లాను. గుర్రుమన్నాడు. కరిచిన తర్వాత అదే మొదటిసారి ఆ చప్పుడు వినడం. చిత్రంగా నాకు సంతోషం వేసింది. వాడు మళ్లీ మాట్లాడుతున్నాడు! ఏమీ అనకుండా వెనక్కి వచ్చేశాను. మర్నాడు పాత దూరం నుంచే. మీది గుర్రుమంటే మీరు చేయాల్సిందీ అదే: తిట్టొద్దు, బుజ్జగించొద్దు, ఆగి, పక్కకి తప్పుకోండి. ఎంత దూరంలో, దేనికి అలా చేసిందో మాత్రం రాసిపెట్టుకోండి.

నోట్లోది వదిలించడానికి "ఇచ్చెయ్" అనే మాట నేర్పాను. సాక్సుతో కాదు, వాడికి పెద్దగా ఇష్టంలేని పాత తాడుతో మొదలుపెట్టాను. మాట అనడం, ముక్క చూపించడం, వదలగానే ముక్క ఇవ్వడం, తర్వాత ఆ తాడు కూడా తిరిగి ఇచ్చేయడం. ఇచ్చేసినా మళ్లీ తన దగ్గరకే వస్తుందని వాడికి అర్థమయ్యాక పట్టు సడలింది. దొంగిలించింది ప్రమాదం లేనిదైతే అసలు వెంటపడకండి. వెంటపడ్డారంటే దాని విలువ మీరే పెంచినట్టు. మాత్రల షీటులాంటిది పట్టుకుంటే మాత్రం గుప్పెడు రుచికరమైన ముక్కలు దూరంగా నేలమీద జల్లండి. వదిలి అటు వెళ్లాక మధ్యలో తలుపు వేసి, అప్పుడు తీయండి.

సోఫాది ఇంతకంటే తేలిక. మెడపట్టీ పట్టుకుని లాగొద్దు. దూరంనుంచి పిలిచి, దిగాక ముక్క ఇవ్వండి, కింద దానికంటూ మెత్తటి పరుపు ఒకటి వేయండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఇవన్నీ ఒంటరిగా చేయకూడని సందర్భాలూ ఉన్నాయి. పన్ను దిగేలా కరిచినా, పాప కనబడితేనే బిగుసుకుపోతున్నా, దేనికి గుర్రుమంటోందో మీకు అంతు చిక్కకపోయినా, కుక్కల ప్రవర్తన తెలిసిన వెటర్నరీ డాక్టరునో మంచి ట్రైనర్‌నో పిలవండి. మొదటిరోజే షాక్ కాలర్ తీసినా, కుక్కని వెల్లకిలా పడేసి తొక్కిపట్టినా ఆ ట్రైనర్‌ని అక్కడినుంచే పంపించేయండి. మూతికి బుట్టలాంటి చిక్కం అలవాటు చేయడం మంచిదే, నోరు తెరిచి రొప్పడానికీ నీళ్లు తాగడానికీ వీలుండాలి. దాన్ని శిక్షగా వాడకండి, ముక్కలు పెడుతూ కొన్ని రోజులపాటు మెల్లగా తొడగాలి.

ఇక ఇచ్చేయడం. తలుపులు వేసి ఉంచడం మీ ఇంట్లో కుదరకపోతే, పాపకి ప్రమాదం ఉందని ఆ డాక్టరే చెప్తే, చిన్నపిల్లలు లేని ఇంటికి, ఉన్నదున్నట్టు చెప్పి ఇవ్వడం తప్పేమీ కాదు. దాచిపెట్టి ఇవ్వడమే తప్పు.

బ్రౌనీకి ఇప్పుడు ఆరేళ్లు. తింటుంటే పక్కనుంచి వెళ్తాను, తోక ఊపుతాడు. ఎముక ఇచ్చిన రోజు మాత్రం నేను ఇప్పటికీ గదిలోంచి బయటికి వచ్చి తలుపు వేస్తాను. పరీక్ష పెట్టి చూడాలన్న కోరిక నాకు లేదు.

ఈ రాత్రి గిన్నె పెట్టాక దూరంగా నిలబడి చూడండి, ఎన్ని అడుగుల దగ్గర నమలడం నెమ్మదిస్తోందో. అది ఇక్కడ రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.