ఖరగ్‌పూర్ చూడాలన్న కోరిక తప్పు కాదమ్మా

ప్రశ్న: నాకు 65 సంవత్సరాలు. మాది శ్రీకాకుళం. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసేవారు. నేను అక్కడి క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. 1979లో నాకు పెళ్ళయింది. అదే ఏడాది నాన్న రిటైరై సొంత ఊరు వచ్చేయడంతో మళ్ళీ అటు వెళ్ళే అవసరం రాలేదు. మావారు పోయి 14 నెలలైంది. ఇల్లు సర్దుతుంటే చిన్నప్పుడు నేను బెంగాలీ అక్షరాలు దిద్దుకున్న నోటుపుస్తకం ఒక రేకు డబ్బాలో దొరికింది. అప్పటినుంచి ఒంటరిగా ఖరగ్‌పూర్ వెళ్ళి పది రోజులు ఉండి రావాలని మనసు లాగుతోంది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి వద్దంటున్నాడు, కావాలంటే కాశీకి తనే తీసుకువెళ్తానంటున్నాడు. ‘ఏడాది తిరిగిందో లేదో, అప్పుడే షికార్లా’ అని ఆడపడుచు అంది. పూరీ జగన్నాథుడి దర్శనమని చెప్పి వెళ్ళిపోదామా అనిపిస్తోంది. నా కోరిక తప్పా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కొంత భాగమే పైన ఇవ్వగలిగాను. నాలుగు పేజీల ఆ ఉత్తరంలో మీ కోరిక తప్పా అని అడిగింది చివరి వాక్యంలో మాత్రమే. మిగిలినదంతా సైరన్ మోగగానే సైకిళ్ళతో నిండిపోయే రోడ్డు గురించీ, నాన్నగారి నీలం చొక్కాకు ఎంత ఉతికినా వదలని నూనె మరక గురించీ, గోల్ బజారులో అమ్మ కొనిపెట్టిన గాజుల గురించీ రాశారు. అది చదివాక మీ కోరిక తప్పని ఎవరూ అనలేరు. మీ ఆడపడుచుగారి మాటను మనసులో పెట్టుకోకండి. తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న దుఃఖం ఆవిడకూ ఉంది. మీరు చేయదలచినది షికారు కాదని మీకు తెలుసు, అది చాలు.

పెద్దవారు గతం తలచుకుంటూ కూర్చోవడాన్ని ఒకప్పుడు వైద్యులు సైతం చాదస్తంగానే చూసేవారు. బతుకు మలిదశకు చేరిన మనిషి తన జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం, తేలకుండా మిగిలిపోయినవాటిని తేల్చుకోవాలనుకోవడం సహజమైన పని అని అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ప్రతిపాదించాక ఆ చూపు మారుతూ వచ్చింది. పది, ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవే మలివయసులో చాలామందికి ఎక్కువ స్పష్టంగా గుర్తుకొస్తాయి కూడా. మీ విషయంలో ఆ ఏళ్ళలో సగం ఒక ఊళ్ళో, సగం మరో ఊళ్ళో గడిచాయి. అత్తవారింట మీ తెలుగులో బెంగాలీ యాస ఉందని తోడికోడళ్ళు నవ్వితే, ఆరు నెలల్లో ఆ యాస పూర్తిగా మానేశానని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి తన నోటి మాటను తానే దిద్దుకుని, నలభై ఆరేళ్ళు ఆ దిద్దిన మాటతోనే కాపురం చేసింది. మీకు దొరికిన ఆ నోటుపుస్తకం ఆ అమ్మాయిది. ఆ ఊరికి మీ ప్రాణం లాగుతున్నది అందుకేనని నాకు అనిపిస్తోంది.

ఇంకొక విషయం మీరు దాదాపు దాటవేశారు. 1974 మే 8 నుంచి 27 వరకు దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు మీకు పద్నాలుగేళ్ళు. అరెస్టులు జరుగుతున్న ఆ రోజుల్లో నాన్నగారు ఇంటికి రాలేదని, అమ్మ గాజులు తాకట్టు పెట్టి బియ్యం తెచ్చిందని, అప్పుడు ఆయన ఎక్కడ ఉన్నారో మీకు ఈనాటికీ తెలియదని రాశారు. ఆ ఊరికి తీపి జ్ఞాపకాల కోసమే వెళ్తున్నానని మీరు అనుకుంటే, అక్కడ దిగాక ఈ జ్ఞాపకం మిమ్మల్ని ఒంటరిగా పట్టుకుంటుంది. దాన్ని కూడా వెంట తీసుకువెళ్తున్నానని ఇప్పుడే ఒప్పుకోండి.

ఇక మీ అబ్బాయి. తండ్రిని పోగొట్టుకుని ఏడాది దాటిన కొడుక్కి తల్లి ఒంటరిగా రైలెక్కుతానంటే ముందు కలిగేది భయమే, దాన్ని అధికారంగా చూడకండి. పైగా మీ జీవితంలోని మొదటి పంతొమ్మిదేళ్ళు అతనికి బొత్తిగా తెలియవు. కాశీ అంటే అతనికి అర్థమవుతుంది, ఖరగ్‌పూర్ అర్థం కాదు. అందుకే పూరీ పేరు చెప్పి వెళ్ళవద్దని గట్టిగా చెబుతున్నాను. దారిలో మోకాలు పట్టేసినా, ఫోను పోయినా, ఆ అబద్ధం వల్ల మీరు ఎక్కడున్నారో తెలియక అతను తల్లడిల్లిపోతాడు. అంతకన్నా ముఖ్యంగా, ఇన్నేళ్ళూ దాచిన ఊరిని మరోసారి దాచినట్లవుతుంది. ఈసారి అతను వచ్చినప్పుడు అనుమతి అడగకుండా, ఆ నోటుపుస్తకం చేతిలో పెట్టి, గాజుల సంగతి చెప్పండి. ఆ తర్వాత తోడు వస్తానంటే, మొదటి రెండు రోజులు మాత్రం తాను లాడ్జిలో ఉండి, పగలు మిమ్మల్ని మీ దారిన తిరగనివ్వాలని కోరండి.

మొదటిసారికి పది రోజులు ఎక్కువ, నాలుగు చాలు. డిసెంబరు, జనవరి నెలలైతే ఎండ బాధ ఉండదు, రాత్రి చలికి శాలువా పెట్టుకోండి. రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచి ఇస్తారు. 45 ఏళ్ళు దాటిన మహిళలకు లోయర్ బెర్త్ కోటా ఉంది, బుక్ చేసేటప్పుడు అది ఎంచుకోమని మనవడికి చెప్పండి. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని గర్వంగా రాశారు. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం మీద మీ మోకాళ్ళతో సామాను మోయలేరు, కనుక చక్రాల సంచీ ఒక్కటే తీసుకెళ్ళి, కూలీని పెట్టుకోండి. బీపీ మాత్రలు రెండు చోట్ల ఉంచుకోండి. మీ క్వార్టరు కూలిపోయి ఉండవచ్చు, లేదా ఎవరో కాపురం ఉండవచ్చు. వారు లోపలికి పిలవకపోతే గడప దగ్గర నుంచే చూసి వచ్చేయండి. మాట్లాడడానికి తెలుగువారు దొరకరన్న దిగులు మాత్రం వద్దు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం.

ఒక హెచ్చరిక. రాత్రుళ్ళు నిద్ర పట్టక, అన్నం సహించక, దేనిమీదా ఆసక్తి లేక వారాలు గడుస్తుంటే, ప్రయాణం కన్నా ముందు మానసిక వైద్యుణ్ణి కలవండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ ఫోను సేవ టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

టికెట్టు కొనకముందు చేయవలసిన పని మరొకటి ఉంది. అమ్మగారి ఇల్లు అమ్మిన డబ్బు దగ్గర మాట పట్టింపు వచ్చి విశాఖలోని అన్నగారితో ఎనిమిదేళ్ళుగా మాటల్లేవని రాశారు. ఆ క్వార్టరులో మీతో పెరిగి, ఇంకా బతికి ఉన్న మనిషి ఆయనొక్కరే. సమ్మె నాటికి ఆయనకు పంతొమ్మిదేళ్ళు కనుక, నాన్నగారు ఎక్కడ ఉన్నారో ఆయనకు తెలిసి ఉండవచ్చు. ఈ వారంలోనే ఫోను చేయండి. ఇంటి డబ్బు ఊసు ఎత్తకండి, సమ్మె సంగతీ మొదటి రోజే అడగకండి. ‘అన్నయ్యా, పొద్దున్న వర్క్‌షాపు సైరన్ ఎన్ని గంటలకు మోగేది?’ అని అడిగి, ఆయన చెప్పేది వినండి.