సరే అనే ముందు ఒక కాగితం రాసుకో

చిరంజీవి స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో, ఇంటింటికీ తిరిగి ఓటర్లను కలిసే ఫీల్డ్ ఆర్గనైజర్‌గా నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చదివిన చదువేమిటి, చేరబోతున్న పనేమిటి అని దానికి బెంగ. నాకు మాత్రం ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ప్రతి అధ్యక్ష ఎన్నికకూ ఏదో ఒక మూల కూర్చుని పనిచేస్తూ వచ్చాను. తలుపులు తట్టాను, ఓటర్ల జాబితాలు సరిచేశాను, అర్ధరాత్రి దాకా ఫోన్లు చేసేవాళ్లకు పులిహోర కలిపి పట్టుకెళ్లాను. నువ్వు ఏ పార్టీలో చేరుతున్నావన్నది ఈ ఉత్తరానికి అవసరం లేదు. నేను చెప్పబోయేది అన్ని పార్టీల్లోనూ ఒకేలా ఉంటుంది.

నీకు ఇద్దరు ఆడవాళ్ల గురించి చెప్పాలి. ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, కొంతకాలం ఒకే నాయకుడి దగ్గర పనిచేశారు.

మొదటామె బెల్ మాస్కోవిట్జ్. 1918లో ఆల్ స్మిత్ న్యూయార్క్ గవర్నర్ పదవికి పోటీ చేశాడు. ఆ రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది అంతకు ముందు ఏడాదే. కొత్తగా ఓటు చేతికొచ్చిన ఆ ఆడవాళ్లను పలకరించడం ఎలాగో స్మిత్‌కు దారి చూపించింది బెల్. అతను గెలిచాక రాష్ట్ర పాలనను చక్కదిద్దడానికి ఒక కమిషన్ వేయమని సలహా చెప్పి, దానికి కార్యదర్శిగా పనిచేసింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు స్మిత్ ఆమెను అడగకుండా పెద్ద నిర్ణయం ఏదీ తీసుకునేవాడు కాదు. సమావేశాల్లో ఆమె ఓ పక్కన కూర్చుని ఉన్ని అల్లుకుంటూ ఉండేది. మగవాళ్ల వాదనలన్నీ అయ్యాక స్మిత్ ఆమె వైపు తిరిగి, మీరేమంటారని అడిగేవాడు. అల్లిక ఆపి ఆమె చెప్పేది. 1928లో అతను అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ప్రచార సామగ్రి, పత్రికల వ్యవహారం అంతా ఆమె చేతి మీదుగానే నడిచింది.

ఆ ఎన్నికలో స్మిత్ ఓడిపోయాడు. అదే రోజు న్యూయార్క్ గవర్నర్‌గా ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ గెలిచాడు. బెల్‌ను కొనసాగించమని స్మిత్ అతనికి గట్టిగా చెప్పాడు. వద్దని చెప్పింది ఎవరో తెలుసా? రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్. ఆమెను ఉంచుకుంటే పాలన ఆమెదే అవుతుంది, మీది కాదు అని భర్తను హెచ్చరించింది. బెల్ తెలివి మీద ఎలినార్‌కు గౌరవం లేక కాదు. చాలా ఏళ్లు ఆ మాట చదివి ఎలినార్ మీద కోపం తెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు అర్థమవుతోంది. బెల్‌కు సొంత కుర్చీ లేదు, పదవి లేదు. ఆమె బలమంతా ఒక మనిషి నమ్మకంలో ఉంది. ఆ మనిషి కుర్చీ దిగిన రోజున కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె ఎవరో, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియలేదు. 1933 జనవరిలో, రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి రెండు నెలల ముందు, ఆమె చనిపోయింది. వయసు 55.

రెండో ఆమె ఫ్రాన్సెస్ పెర్కిన్స్. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో స్నేహితురాలి ఇంట్లో టీ తాగుతుండగా అగ్నిమాపక బండ్ల చప్పుడు విని పరుగున వెళ్లింది. ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం తగలబడుతోంది. తలుపులకు తాళాలు వేసి ఉండడంతో పై అంతస్తుల కిటికీల నుంచి అమ్మాయిలు దూకడం కళ్లారా చూసింది. 146 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆమె జీవితమంతా కార్మికుల భద్రత చుట్టూనే తిరిగింది. స్మిత్ ఆమెను రాష్ట్ర పరిశ్రమల కమిషన్‌లో నియమించాడు. అంటే జీతం, హోదా, సంతకం చేసే హక్కు. రాజకీయాల్లో మగవాళ్ల తీరు గమనించి రాసుకున్న కాగితాలన్నీ ఒక ఎర్ర కవరులో దాచుకునేది. మగవాళ్లు తమ తల్లిని తలపించే ఆడమనిషి మాట వింటారని తేల్చుకుని, అందుకు తగ్గట్టు నల్ల దుస్తులు, మూడు మూలల టోపీ వేసుకోవడం మొదలుపెట్టింది. నీకు ఆ వేషం అక్కర్లేదులే. గమనించి రాసుకునే అలవాటు మాత్రం కావాలి.

1933 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ ఆమెను న్యూయార్క్‌లోని తన ఇంటికి పిలిచి, కార్మిక శాఖ ఇస్తాను, తీసుకుంటావా అని అడిగాడు. అంతవరకూ ఈ దేశంలో ఏ ఆడమనిషీ కేబినెట్‌లో కూర్చోలేదు. ఎవరైనా అయితే కళ్ల నీళ్లు పెట్టుకుని సరే అనేవాళ్లు. ఆమె ఒక కాగితం తీసింది. కనీస వేతనం, పని గంటలకు పరిమితి, బాలకార్మిక నిషేధం, నిరుద్యోగులకు సాయం, వృద్ధాప్య బీమా, ఆరోగ్య బీమా. ఇవి చేయనిస్తేనే వస్తాను, ఇవి మీకు ఇష్టం లేకపోతే నేను మీకు పనికిరాను అంది. అతను ఒప్పుకున్నాడు. 1935లో వృద్ధులకు పింఛను ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. 1938లో కనీస వేతనం, పని గంటల చట్టం వచ్చింది. ఆరోగ్య బీమా ఒక్కటే ఆమె చేతుల మీదుగా కాలేదు. 12 ఏళ్లు ఆ శాఖలో ఉంది. నెలనెలా నా బ్యాంకులో పడే డబ్బు ఆ కాగితం ముక్క నుంచి వచ్చినదే తల్లీ. ఆ డబ్బు పడిన రోజున నేను ఆమెను తలచుకుంటాను.

ఇద్దరిలో ఎవరు తెలివైనవారని అడిగితే నేను చెప్పలేను. బెల్ అల్లుకుంటూ కూర్చుంది, ఫ్రాన్సెస్ కాగితం తీసింది. తేడా అంతా అక్కడే ఉంది.

ఇది నీకు ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, నేను బెల్‌లా కూర్చున్నదాన్ని. చాలా ఏళ్ల కిందట ఒక ప్రచారంలో మా జిల్లాలోని తెలుగువాళ్ల ఇళ్ల జాబితా తయారుచేశాను. ఓటర్ల జాబితాలో మనవాళ్ల ఇంటిపేర్లు, పేర్లు తారుమారై ఉంటాయి. ఒకే మనిషి రెండు చోట్ల కనిపిస్తాడు, ఒకే ఇంట్లో భార్య పేరు వేరే వీధికి ఎక్కి ఉంటుంది. మూడు నెలలు కూర్చుని అన్నీ సరిచేశాను. ఏ ఇంటికి ఏ వేళ వెళ్లాలి, ఏ ఇంట్లో తెలుగులో మాట్లాడాలి, అన్నీ రాసి ఇచ్చాను. ఎన్నికల తర్వాత ధన్యవాద సభ పెట్టారు. ఆ జాబితా తయారుచేసినందుకు వేదిక మీద ఒక యువకుడికి చప్పట్లు కొట్టించారు. అతను నా కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించినవాడు. నేను మూడో వరుసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి మీ పెదనాన్నకు కూడా చెప్పలేదు. నా పేరు ఆ కాగితాల మీద ఎక్కడా లేదు, ఎందుకంటే నేనే రాయలేదు.

అందుకని చేరే ముందే అడుగు. నీ హోదా ఏమిటి, నువ్వు ఎవరికి జవాబు చెప్పాలి, జీతమెంత, ఆరోగ్య బీమా ఉందా, ఎన్నికలయ్యాక ఏ తారీఖుతో ఉద్యోగం ముగుస్తుంది. ప్రచార ఉద్యోగాలు పోలింగ్‌తోనే ముగిసిపోతాయి, కాబట్టి ఆ తర్వాతి నెల అద్దె గురించి ఇప్పుడే ఆలోచించుకో. నువ్వు రాసే ప్రతి నోటు మీద నీ పేరు, తారీఖు వేయి. 1963 నవంబరు 22న డల్లాస్‌లో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన కొన్ని గంటలకే, ఆయన స్థానంలో అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ విమానం దిగి దేశంతో మాట్లాడాడు. ఇంగ్లీషులో 58 మాటలు. ఆ గందరగోళంలో వాటిని ఒక కార్డు మీద రాసింది అతని దగ్గర పనిచేసే లిజ్ కార్పెంటర్. ఆ సంగతి ఇవాళ నాకూ నీకూ తెలిసిందంటే అది రికార్డులో ఉండబట్టే.

ఇక పని సంగతి. మాలీ డ్యూసన్ అని, 1930లలో డెమొక్రటిక్ పార్టీ మహిళా విభాగాన్ని నడిపిన ఆమె. ఫ్రాన్సెస్ పెర్కిన్స్‌ను కేబినెట్‌లోకి తీసుకోవాలని దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు రాయించింది ఈమే. ఎన్నికలప్పుడు మాత్రమే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లడం ఆమెకు నచ్చేది కాదు. జిల్లాల్లో కొందరు ఆడవాళ్లను ఎంచి, తలా ఒక ప్రభుత్వ పథకాన్ని క్షుణ్ణంగా చదివించి, ఇరుగుపొరుగుకు చెప్పించేది. ఎన్నికలొచ్చేసరికి ఒక్కో విషయానికి ఒక్కో రంగు కాగితం, ఒకే పేజీ, ఇంటింటికీ పంచడానికి. 1936 ప్రచారంలో పార్టీ అంతా వాటినే పంచింది. నాలుగు పేజీల కరపత్రం ఎవరి చేతికిచ్చినా టేబుల్ మీద పడి ఉంటుంది. ఒక్క పేజీ ఫ్రిజ్ మీదికి ఎక్కుతుంది. నేను మనవాళ్ల కోసం ముందస్తు ఓటింగ్ ఎక్కడ, ఏ గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో ఒకే పేజీలో వేసేదాన్ని. రెండేళ్ల తర్వాత కూడా కొన్ని ఇళ్లలో ఫ్రిజ్ మీద అదే కాగితం కనిపించింది.

తలుపు తీసేది కొడుకో భర్తో అయినా, లోపల వంటింట్లో ఇంకో ఓటు ఉంటుందని మరచిపోకు. మా ఇంట్లో అందరం ఒకటే అని ఆయన చెప్పేస్తాడు. నవ్వుతూనే, అమ్మగారిని ఒకసారి పిలుస్తారా అని అడుగు. 1980 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఓటు వేసే ఆడవాళ్ల శాతం మగవాళ్ల కంటే ఎక్కువ. అంత బలం ఉండి కూడా, ఆమెతో ఎవరూ నేరుగా మాట్లాడని ఇళ్లు నాకు ఎన్నో తెలుసు.

నీ మాట గిట్టని చోటికి కూడా పంపిస్తారు, వెళ్లు. 1964లో జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చాక దక్షిణాది రాష్ట్రాలు జాన్సన్ మీద భగ్గుమంటున్నాయి. అలాంటప్పుడు అక్టోబరులో అతని భార్య లేడీ బర్డ్ రైలెక్కి, నాలుగు రోజుల్లో 8 రాష్ట్రాలు దాటి న్యూ ఆర్లీన్స్ దాకా వెళ్లింది. ముందుగా ఆ రాష్ట్రాల నాయకులకు తానే ఫోన్లు చేసింది. ఒకచోట జనం గోల చేస్తుంటే చేయి ఎత్తి, మీ అభిప్రాయం చెప్పే హక్కును గౌరవిస్తాను, ఇప్పుడు నా వంతు అంది. మాట తూలలేదు, వెనక్కి తగ్గలేదు. ఆ నిబ్బరం సాధనతో వస్తుంది. మొదటి వారం నీకు ఏడుపొస్తుంది. రానీ.

ఆఫీసులో నీ మాటను పది నిమిషాల తర్వాత ఇంకొకరు తన మాటలా చెబుతారు. ఒబామా మొదటి పదవీకాలంలో పై స్థాయి సలహాదారుల్లో మూడింట రెండు వంతుల మంది మగవాళ్లే. అక్కడి ఆడవాళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒకామె మంచి మాట చెబితే ఇంకొకామె వెంటనే ఆమె పేరుతో సహా ఆ మాటను మళ్లీ చెప్పాలి. అలా ఆ మాట ఎవరిదో గదిలో అందరికీ తెలిసేది. ఖర్చు లేని పని. నీ జట్టులోని ఆడపిల్లలతో మొదటి రోజే మాట్లాడుకో. ముందు నువ్వు వాళ్ల పేరు చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. విధేయత మంచిదే, దానికి హద్దు ఉండాలి. రోజ్ మేరీ వుడ్స్ 1951 నుంచి, తర్వాత అధ్యక్షుడైన నిక్సన్ దగ్గర కార్యదర్శి. నిక్సన్ పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కేసులో, ఆయన ఆఫీసు సంభాషణల టేపు ఒకదానిలో పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోయాయని తేలినప్పుడు, ఫోను ఎత్తబోయి అందులో ఓ ఐదు నిమిషాలు తానే పొరపాటున చెరిపి ఉండవచ్చని ఆమె కోర్టులో చెప్పింది. అదెలా జరిగిందో కుర్చీలో ఒళ్లు సాగదీసి చూపిస్తున్న ఆమె ఫొటో దేశమంతా చూసింది. మిగతాది ఎవరు చెరిపారో ఇప్పటికీ తేలలేదు. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆమె ముఖాన్ని. ఎవరి తప్పుకూ నీ సంతకం అరువివ్వకు. రేపు నువ్వే పెద్ద స్థానంలో ఉంటే ఎడిత్ విల్సన్‌ను కూడా గుర్తుంచుకో. 1919 అక్టోబరులో ఆమె భర్త, అధ్యక్షుడు విల్సన్‌కు పక్షవాతం వస్తే, ఆయన ముందుకు ఏ కాగితం వెళ్లాలో, ఎవరు వెళ్లాలో ఆమె నిర్ణయించింది. భార్యగా ఆమె బాధ నాకు అర్థమవుతుంది. కానీ జనం ఓటేసింది ఆమెకు కాదు, జనానికి నిజం చెప్పనూ లేదు. అలాంటి బలాన్ని నేను మెచ్చుకోలేను.

ఈ రోజుల్లో తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. 1988లో సుసాన్ ఎస్ట్రిచ్ అధ్యక్ష అభ్యర్థి డుకాకిస్ ప్రచారాన్ని నడిపింది. 2016లో గెలిచిన ప్రచారానికి కెల్లీయాన్ కాన్వే, 2020లో గెలిచినదానికి జెన్ ఓమాలీ డిలన్ మేనేజర్లు. 2024లో గెలుపు రాత్రి ట్రంప్ వేదిక మీద తన ప్రచారాన్ని నడిపిన సూజీ వైల్స్‌ను మైకు దగ్గరికి పిలిస్తే ఆమె మాట్లాడకుండా తప్పుకుంది. కానీ కొన్ని నెలలకే అధ్యక్షుడి కార్యాలయాన్ని నడిపే వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ పదవి తీసుకున్న మొదటి ఆడమనిషి అయింది. మైకు వద్దంది, కుర్చీ వదల్లేదు. ఆమె రాజకీయం నచ్చేవాళ్లూ నచ్చనివాళ్లూ ఉంటారు, ఆ ఒక్క లెక్క మాత్రం నేర్చుకోదగ్గది.

మీ అమ్మ బెంగ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రోజూ ఒక పూటైనా కూర్చుని అన్నం తిను, కారులో తింటూ పరుగెత్తకు. చలికాలం తలుపులు తట్టడానికి మంచి బూట్లు కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను.

ఆదివారం ఫోను చేయి. వాళ్లకు సరే అనే ముందు అడగవలసినవి కాగితం మీద రాసి, నాకు చదివి వినిపించు. జీతం సంగతి మొదట రాయి, మొహమాటపడి చివర పెట్టకు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ