సంతకం పెట్టకండి, ముందు అమ్మతో కూర్చోండి

జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాశారు. నాన్న వీలునామా రాయకుండానే పోయారు. ఆరెకరాల నల్లరేగడి, ఇల్లు అన్న చేతిలో ఉన్నాయి. చర్చి సంఘ పెద్ద అయిన ఆ అన్నే హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయమంటున్నాడు. ‘పెండ్లి చేసి పంపినాం గదమ్మా, ఇంగ దేవునికి వదిలెయ్యి’ అంటోంది అమ్మ. ఈమె శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థిస్తున్నారు. దేవుడు అన్నకు ఎప్పుడు తీర్పు తీరుస్తాడు, విశ్వాసి మీద కోర్టుకెక్కితే పాపమా అని అడిగారు.

అమ్మా, అన్నకు ఎప్పుడేం జరుగుతుందన్నది మీరు పట్టించుకోవలసిన సంగతే కాదు. ‘పగతీర్చుట నా పని’ అన్న దేవుడు ఆ పని చూసుకుంటాడు. కానీ భాగం అడగడం పగ ఎట్లా అవుతుంది? బైబిల్లో సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురూ గుడారం వాకిట మోషే ముందు, సమాజమంతా చూస్తుండగా నిలబడి తండ్రి స్వాస్థ్యం, అంటే ఆస్తిలో భాగం, అడిగారు. వాళ్లు చెప్పింది న్యాయమేనన్నాడు దేవుడు. దేవుని న్యాయాన్ని నమ్మడమంటే నాకు తెలిసింది అదీ.

మొదటి కొరింథీ 6లో ‘అన్యాయం ఎందుకు సహింపరు’ అన్న ఏడో వచనం మీకు కంఠతా వచ్చినట్టుంది. సహోదరుల సొత్తు అపహరించేవాళ్లను గద్దించిన ఎనిమిదో వచనం మాత్రం మీ అన్నకు ఎవరూ చదివి వినిపించినట్టు లేదు. ముందు పాస్టరుగారి దగ్గర పెట్టండి. ఆయన మొహమాటపడితే కోర్టు ఉంది. ఆ మాటలు రాసిన పౌలు కూడా రోమా చక్రవర్తి కైసరుకు చెప్పుకున్నవాడే.

క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుంటే భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. మీ ఇంట్లో ఇద్దరే పిల్లలు కాబట్టి పొలంలో తలా రెండెకరాలు. పొలం వివరాలుండే అడంగల్, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీసి పెట్టుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది.

ఇక అసలు మాట. ఉత్తరంలో అన్న మీద కోపం రెండు పేజీలు, అమ్మ మాట ఒక్క వాక్యం. మీ నోరు కట్టింది ఆ వాక్యమే. ఆమె కొడుకు ఇంట్లో తింటోంది, భయపడుతోంది. ఆ భయానికి దేవుని పేరు పెట్టింది, మీరు దాన్ని విశ్వాసమనుకుని మోస్తున్నారు. తల్లిని సన్మానించమంటే తల్లి భయాన్ని మొక్కమని కాదు. ఆమెకూ రెండెకరాలు వస్తాయని ఇంతవరకు ఎవరైనా చెప్పారా? మీరు చెప్పండి. అన్న పొలానికి పోయిన పూట వెళ్లి, ‘నీ భాగం నీ పేరుతోనే ఉండనీ, రేపు నిన్ను ఎవరు చూడకపోయినా నేను చూస్తా’ అనండి. తిట్టినా, ఏడ్చినా అక్కడే కూర్చోండి. ఆ పత్రం ఎదురుగా పెట్టినా సంతకం మాత్రం చేసి రాకండి.