ఫాంటసీ చదవడానికి గ్లాస్గో వస్తున్న తమ్ముడికి

"అక్కా, గ్లాస్గో యూనివర్సిటీలో ఫాంటసీ ఎం.లిట్. (పీజీ డిగ్రీ) సీటు వచ్చింది. రాక్షసుల కథలు చదవడానికి లక్షలు పోయాలా అంటున్నారు నాన్న. క్లాసులు ఎలా ఉంటాయోనని నాకూ టెన్షన్‌గా ఉంది" అని రాశావు.

నాన్నగారి భయం సబబే. ఈ డిగ్రీ చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. అప్పు చేసి వచ్చి, ఇక్కడి జీతంతో తీర్చేద్దామనుకుంటే మాత్రం వద్దు. స్టూడెంట్ వీసా మీద, టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. డబ్బు దారి వేరే ఉంటే నిశ్చింతగా రా. 2015లో మొదలైన కోర్సు, ఏడాదిలో అయిపోతుంది. ఈ సాహిత్యం కోసమే అక్కడ 2020లో ఒక కేంద్రం కూడా పెట్టారు.

ఇక క్లాసు. నోట్సు చెప్పి రాయించరు. పుస్తకం ముందే చదివి వెళ్లాలి, అందరి ముందూ మాట్లాడాలి. నేను చదివింది వేరే ఊళ్లో. నా మొదటి వ్యాసం సాహిత్య సిద్ధాంతకారుడు టొడొరోవ్ మీద. కథలో వింత జరిగితే అది నిజమా భ్రమా అని తేల్చుకోలేని ఊగిసలాటే 'ఫెంటాస్టిక్' అని ఆయన 1970లో అన్నాడు. నేను దాన్నే నాలుగు పేజీలు తిప్పి తిప్పి రాశాను. వ్యాసం తిరిగొచ్చింది. అంచున పెన్సిల్‌తో ఒకటే ప్రశ్న: "ఇందులో నీ మాట ఏది?"

మళ్లీ రాసినప్పుడు మా అమ్మమ్మ చెప్పిన బేతాళ కథ పెట్టాను. భుజం మీద శవం మాట్లాడుతుంది. విక్రమార్కుడు ఉలిక్కిపడడు, ఇది కలా అనుకోడు, చిక్కుముడి విప్పి తీర్పు చెబుతాడు. శవానికి మాటలెలా వచ్చాయని వినే మనమూ అడగం, తీర్పు న్యాయమేనా అని వాదించుకుంటాం. టొడొరోవ్ లెక్కలో ఇలాంటిది 'అద్భుతం' కిందికి పోతుంది, ఊగిసలాట లేదు గనక. కానీ ఊగిసలాట ఉంది. అది వింత దగ్గర కాదు, న్యాయం దగ్గర. నాకంటూ దొరికిన మొదటి మాట అదే.

చందమామ చదివి పెరిగానని చెప్పుకోవడానికి వెనకాడకు. మన కథ వాళ్లకు తెలియదు కాబట్టి ముందు నాలుగు వాక్యాల్లో కథ చెప్పు, తర్వాత వాదన.

సైన్స్ ఫిక్షన్ మీద కూడా మనసుంటే రైలెక్కి లివర్‌పూల్ వెళ్లు. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో సైన్స్ ఫిక్షన్ ఫౌండేషన్ వారి పుస్తకాలూ పాత పత్రికలూ ఉన్నాయి. ఏమేం చూడాలో ముందే ఈమెయిల్‌లో రాసి, రోజు ఖాయం చేసుకో. పెన్సిల్ మర్చిపోకు, పాత పుస్తకాలు చూపించే అలాంటి గదుల్లోకి పెన్ను రానివ్వరు.