లాభం పెరిగింది, నా వాటా తరిగింది

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

జీతంలో మిగిల్చినదంతా ఒక చిన్న కంపెనీ షేర్లలో పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మనవాళ్లలో ఒకడికైనా ఆ ధైర్యం వచ్చిందని మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

అప్పు చేసి కొనకు. ఉన్నదంతా ఒకేచోట పెట్టకు. ఇవి నీకు తెలిసినవే.

నా తప్పు మాత్రం నీకు తెలియదు. నేను షేర్లు కొన్న కంపెనీ లాభం నాలుగేళ్లలో ఒకటిన్నర రెట్లయింది. ఆ వార్త మీ మామయ్యకు గొప్పగా చూపించాను. "మరి నీ షేరు ధర కదలదేం?" అన్నారు. జవాబు తెలియక కోపం తెచ్చుకున్నాను. జవాబు అటక మీదే ఉంది, నేను విప్పని వార్షిక నివేదికల్లో. ఆ నాలుగేళ్లలోనే కంపెనీ షేర్ల సంఖ్య రెట్టింపైంది. లాభం ఒకటిన్నర రెట్లు, పంచుకునే షేర్లు రెండింతలు. ఒక్కో షేరు వంతుకు వచ్చే లాభం పావు వంతు తగ్గింది. నా షేర్లను ఎవరూ ముట్టుకోలేదు, కంపెనీలో నా వాటా మాత్రం సగమైంది. కొత్త షేర్లకు అనుమతి కోరుతూ నాకు నోటీసు కూడా వచ్చిందిరా! వెనుక వైపు ఖాళీగా ఉందని దాని మీద ఇంటి ఖర్చుల లెక్క రాసుకున్నాను. నా ఒక్క ఓటుతో అది ఆగేది కాదు. కానీ అమ్మేసి బయటపడే వ్యవధి దొరికేది.

అందుకే ముందు అయిదేళ్ల షేర్ల సంఖ్య వరుసగా రాసుకో. బోనస్ (ఉన్న వాటాదారులకు ఉచితంగా ఇచ్చే షేర్లు), విభజన (ఒక షేరును చిన్న షేర్లుగా చీల్చడం) వల్ల పెరిగితే భయం లేదు, అందరికీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. వారంట్లు (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు కొనే హక్కు), మార్పిడి డిబెంచర్లు (తర్వాత షేర్లుగా మారే అప్పు పత్రాలు), ఉద్యోగుల ఆప్షన్లు (ఉద్యోగులకిచ్చే అలాంటి హక్కులే) రేపటి షేర్లు. వాటిని కలిపి లెక్కకట్టిన డైల్యూటెడ్ ఈపీఎస్, అంటే ఒక్కో షేరు వంతు లాభం, చూడు. రైట్స్ ఇష్యూ, అంటే కొత్త షేర్లను ముందుగా ఉన్న వాటాదారులకే ఇవ్వజూపడం, వస్తే గడువు దాటనివ్వకు, నాలాగా బద్ధకించకు. కొత్త షేర్లన్నీ మోసమని కాదు. వచ్చిన డబ్బుతో లాభం షేర్ల కన్నా వేగంగా పెరిగితే మనకూ మేలే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది కాగితం మీది లాభం. అమ్మకాల కన్నా రావలసిన బాకీలు వేగంగా పెరుగుతూ, వ్యాపారం నుంచి నగదు రావడం లేదంటే, ఆ కంపెనీ మళ్లీ అప్పుకో కొత్త షేర్లకో చేయి చాస్తుంది. నివేదికలోని నగదు రాకపోకల పట్టిక చూడకుండా కొన్నావో, నాతో మాట్లాడకు.

మాట్లాడకు అన్నానని ఫోను మానకు. ఆ నివేదిక నాకూ పంపు. కొత్త కళ్లద్దాలు వచ్చాయి, ఆఖరి పేజీల్లోని చిన్న అక్షరాలు నేను చదివి పెడతాను.

మీ అత్తయ్య